పేరు లేని చోట

నాలుగు వేల నూట ఇరవై ఏడు దగ్గర
మళ్లీ ఆగింది.
పాత ఎస్‌వీఎన్ అంకె లెక్కబెట్టి ఇస్తుంది,
కొత్త గిట్ పేరూ మెయిలూ అడగందే తీసుకోదు.
మధ్యన నా స్క్రిప్టు, మాటలు మోసీ మోసీ గొంతు పోయినట్టు.

రాయదుర్గంలో ఆఖరి మెట్రో పోయి గంటైంది.
నెట్‌వర్క్ అనుకున్నా. పాస్‌వర్డ్ అనుకున్నా.
లైన్ల చివర కనిపించని ఖాళీల్ని తిట్టుకున్నా.
లాగ్‌లో ఒకటే ప్రశ్న:
ఈ మొగులయ్య ఎవరు?

జాబితాలో నాతో కలిపి ముప్పై ఎనిమిది మంది.
మొగులయ్య లేడు.
ఫోన్ చేస్తే ఇందుమౌళి నిద్రలోంచే,
"తెలియనోళ్లందర్నీ అన్‌నోన్ అని రాసెయ్" అంది.
వేలు ఎంటర్ మీదే ఉంది.

ఖుర్షీద్ సాబ్ ఒక్కడికే గుర్తు.
"బేగంపేట ఆఫీసుల, కాంట్రాక్టు పిలగాడు.
నాలా పొంగిన రాత్రి
సర్వర్‌ని ఎత్తి టేబుల్ మీద వెట్టిండు.
మూడు నెలలే ఉన్నడు. యాడికి వోయిండో."

తెరిచి చూశా. ఒకే ఒక్క మార్పు:
రోజూ నెలా తారుమారు కాకుండా
సరిచేసిన ఏడు లైన్లు.
కింద తన మాట,
"నీళ్లు లోపలికొస్తున్నయ్. మిగతాది రేపు."
రేపటి కమిట్ లేదు.
ఆ ఏడు లైన్ల మీదే
మా జీతాల తేదీ ఇంకా నడుస్తోంది.

మెయిల్ ఏం రాయను?
అతని పేరు చివర కంపెనీ పేరు తగిలించా,
పర్మనెంట్ చేసినట్టు.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది.
ఛాయ్ తెచ్చుకుని వచ్చేసరికి
తొమ్మిది వేల చిల్లర దగ్గర
మళ్లీ ఆగి ఉంది.

ఈసారి అడిగిన పేరు నాదే,
ఇంటిపేరు మారకముందుది.