కాశీబుగ్గ, శనివారం

జీడిసొన తిన్న వేళ్లకి గీతలుండవు.
లేబరాఫీసరు రిజిస్టరు తెరిచి
"సంతకమా, వేలిముద్రా?" అన్నాడు.
దమయంతి నవ్వీసింది.

పలాస ఫ్యాక్టరీలోళ్లంతా ఒక రాత్రి
ఒకే టేబులు కాడ కూకుని
కిలోకి ఇంతేనని కూలి కట్టీసినారు.
మొయిద్దీన్ సాయిబొక్కడే
టీ తాక్కుండా లేచొచ్చీసినాడు.
ఆ పొద్దు నుంచీ ఆయనకి
పిక్కలమ్మినోడు లేడు.

అయినా ఉన్న నాలుగు బస్తాలకే
మా మెడమీద చెమట ఆరకముందే
డబ్బులు లెక్కెడతాడు.
మంచోడివి బాబూ అంటే
"మంచితనం కాదమ్మా, బాకీ.
పైన తూకం ఒకటుంది,
దానికి రాయి కట్టలేం" అంటాడు.

ఆఫీసరు మళ్లీ అడిగినాడు:
"రేటు కట్టినారనడానికి సాక్ష్యం?"
బయట కారు ఇంజను ఆపలేదు.

దమయంతి బొటనవేలు సిరాలో ముంచి
కాగితమ్మీద నొక్కింది.
గీతొక్కటీ లేని నల్లటి మచ్చ.
"ఇదే రాసుకో" అంది.