నలబై రెండు దినాలు

మాల ఏస్కున్నవా అని అడిగిండు చాయ్ హోటల్ ఖదీర్.
ఊకున్న.
మండలం ఒడిసింది. ఎండకాలం గూడ వచ్చింది.
ఇంకా ఏం మాలరా నీది అన్నడు.

డాక్టర్ వద్దన్నడని చిన్నమ్మకు చెప్పిన,
కుర్మూర్తి సామికి మొక్కిన్నని అత్తగారింట్ల,
పండ్లు నొస్తున్నయని బావమరిదికి.
ఒక లగ్గంల ముగ్గురూ ఒక్క బంతిల కూసుండ్రు.
నా మూడు అబద్దాలు
ఒకదాని మొఖం ఒకటి చూస్కొని నవ్వినయి.

నిజం పెద్దదేం గాదు. అరచేతంత.
చెప్పబోతే మాత్రం గొంతుల అడ్డం పడ్తది.

మిడ్జిల్ దాటినంక, దుందుభి వాగు దిక్కు, రేకుల షెడ్డు.
రాత్రి పన్నెండుకు లారీ వస్తది.
మేం ఆరుగురం. కోళ్లు పట్టుడు మా పని.
చేతికి నాలుగు, కాళ్లు పట్టి, తలకాయలు కిందికి.
పట్టే ముందు లైట్లన్ని బంద్ చేసి
నీలి బుగ్గ ఒక్కటి ఏస్తరు.
నీలి ఎలుగుల కోడికి కండ్లు కనవడయి.
ఉరకదు. కూసున్నకాడనే కూసుంటది,
ఆకరి బస్సు పోయినంక
కల్వకుర్తి బస్టాండ్ల ముసలోళ్లు కూసున్నట్లు.

పదకొండేండ్లు పట్టిన.
నా అంగి జేబుల ఈకలు, బిడ్డ బడి సంచిల ఈకలు.
ఒక్క దినం గూడ ఏమనిపియ్యలే.
ఐతారమొస్తే నేనే కోసి, కాల్చి, పసుపు రాసి,
కందనకాయ బిడ్డకు, మెడ మా అవ్వకు,
ముక్కు కారేదాంక కారం ఏస్కొని తిన్న.
దాపరికమెందుకు, ఇప్పటికీ
మసాల వాసనకు నోట్ల నీళ్లూర్తయి.

ఆ రాత్రి జడ్చర్ల అవుతల లారీ పంచరైంది.
షెడ్డుల ఊక మీద ఊకెనే కూసున్నం.
ఒకటొచ్చి నా ఒళ్లెకెక్కింది.
నన్ను నమ్మి గాదు.
ఎచ్చగుందని, అంతే.
రెండు కిలోల బరువు. దాని గుండె
నా తొడ మీద కుట్టు మిషను లెక్క.
జరసేపటికి రెప్ప ఏసింది.
కోడి రెప్ప కింది నుంచి మీదికి మూస్కుంటది.
పదకొండేండ్లల్ల నేనది చూడలే.

గంటంబావు.
తొడ తిమ్మిరెక్కింది. కదిలియ్యలే.
లారీ వచ్చింది.
మొదాల పట్టింది దాన్నే.
చేతికి దగ్గరుండె గద.

దీని వయసెంత అని లాలయ్య మేస్త్రిని అడిగిన.
గమ్మతి చేస్తున్న అనుకొని నవ్విండు.
అన్నిటికీ ఒక్కటే వయసు, నలబై రెండు దినాలు.
మండలం మీద ఒక్క దినం ఎక్కువ.

మల్ల ఐతారం
అంజిలమ్మ పల్లెంల తొడ ముక్క ఏసింది.
ఏవగింపు రాలే, ఏడుపు రాలే.
నా తొడ తిమ్మిరెక్కింది.
పచ్చిపులుసు పోయ్యిమన్న.

పట్వారోళ్ల చిన్నాయన విని మెచ్చుకుండు.
మంచి పని చేసినవ్, మా తీర్గ శుద్ధమైనవ్ అన్నడు.
ఆ ఒక్క దినం, కోపానికి,
దావత్ చేసి బోటి తిందామనుకున్న.
మా అవ్వ వండింది మైలని నేనెన్నడన్నా అన్ననా?
ఆమెకు మెడ ముక్క ఇప్పటికీ నేనే ఏరి పెడ్త.
శుద్ధమన్న మాట నాది గాదు.
ఆయన మాట ఆయన ఇంట్లనే పెట్టుకోమను.

ఇగ, అబద్దాలెందుకు ఆడ్తున్నవంటే,
నిజం చెప్తే ఎనుకనే ఇంకో మాట అడుగుతరు.
మరి ఆ పని బంద్ చేసినవా అని.

బంద్ చెయ్యలే.
బోరు అప్పు ఉంది, బిడ్డ ఫీజు ఉంది.
తినుడే బంద్ చేసిన, పట్టుడు గాదు.
నిన్న ఎనిమిది వందలు పట్టిన.
చెయ్యి ఎప్పటి లెక్కనే ఉరికింది.
కండ్లు మాత్రం వాటి మొఖాల దిక్కు పోనియ్యలే.

ఇయ్యాల పొద్దుమీకి
అఖిల అడిగింది, నీ ముక్క గూడ నాకేనా నాన్న?
నీకేరా అన్న.
తిని, కూర చేతితోనే
నా ఒళ్లె తలకాయ పెట్టి పండుకుంది.

తొమ్మిదైంది. పదైంది.
కదిలియ్యలే.
పన్నెండుకు లారీ ఉంది.