ముక్కు రంగు

షార్జా సజాల మా షెడ్డు ఎనక
నాలుగు సిమెంటు గుంతలు.
అండ్ల మొద్దులు ఉడుకుతయి.
ఓడెక్కి వచ్చిన వాల్‌నట్టుకు ఎనభై అయిదు డిగ్రీలు, మూడు దినాలు.
బీచ్‌కు ఆవిరి చాలు, తెల్లగ పోయి
గులాబి మొకంతోని బయటికొస్తది.
మేపుల్‌ది మాత్రం అరవై దాటొద్దు.
దాటితే తెలుపు చెడుతది.

ఫోర్మన్ అబూ నిజార్ వేళ్ళ మీద లెక్కవెట్టి చెప్పిండు.
తలూపిన.
ఆర్మూరు దిక్కు పసుపు వండినోనికి
ఉడుకుడు కొత్తగ చెప్పాల్నా?
కడాయి మీద నురుగొచ్చి, తెల్లపొగ లేసి,
వాసన మారంగనే మా చిన్నమ్మ గంగవ్వ
చీపురుపుల్ల కొమ్ముల గుచ్చుతుండె.
దిగితే దించుడే. దిగకుంటె ఇంకో మంట.
ఎక్కువైతే రంగు సస్తదిరా, అనేది,
తక్కువైతే కడుపుల ఒకటి, అంచుల ఒకటి.

వాల్‌నట్టు గూడ గంతే.
పచ్చిగ కోస్తే నడుమ ఊదా, అంచుకు సున్నం తెలుపు,
ఒక్క చెట్టుల రెండు వాడలోలె ఎడమెడముగ.
ఉడికినంక నల్లబెల్లం రంగు అంచుదాక పాకుతది.
ఎవలు ఎవలకిచ్చిన్రో తెల్వదు,
గుంతల నీళ్ళు మాత్రం సిరా.

ఆగస్టుల ఒక రాత్రి.
మూడో గుంతల మేపుల్.
థర్మామీటరు ముల్లు ఇరికి
అరవై మీదనే నిలవడి అబద్ధం చెప్పింది.
వాసనొచ్చింది, ఉడికిన గెనుసుగడ్డ వాసన.
మిషన్ ఉన్నది గద, నాకెందుకనుకున్న.

పొద్దుగాల కత్తి కింద
అరమిల్లీ రేకులు ఒకదాని మీదొకటి పడ్డయి.
తెల్లగ లేవు.
అబూ నిజార్ ఒక రేకు ఎండకు పట్టి
షేడు కార్డు పక్కన అటు జరిపిండు, ఇటు జరిపిండు.
కార్డుల ఆ రంగు లేదు.
దుబాయి హోటలోళ్ళు వద్దన్నరు.
నా జీతంల నాలుగొందల దిర్హాములు పోయినయి.

"ఇదేం రంగు?" అన్నడు హిందీల.
పసుపు రాసుకున్న తెల్లారి
అరచేతుల మిగిలేదని చెప్పబోతే మాట దొరకలే.
"ముక్కు రంగు" అన్న.
ఆయన నవ్వలే. కట్ట మీద సుద్దతోని అరబ్బీల ఏదో రాసి
మూలకు నూకిండు.

అండ్లకెళ్ళి రెండు రేకులు అడుక్కొచ్చుకొని
క్యాంపుల నా ఇనుప అల్మారి తలుపుకు అంటిచ్చిన.
పై మంచం బాబుల్ మియా
రోజు చెయ్యివెట్టి చూస్తడు, ఇంకా వేడి ఉన్నదా అని.

ఇప్పుడు నా జేబుల ఒక చీపురుపుల్ల.
మేపుల్‌ల దిగదు, ఎర్కనే.
గుంత మూత తీసినప్పుడల్ల
ముందుగాల ముక్కు వెడత,
ఎనక ముల్లు సూస్త.