ఓడదొర రాయి

మా జేజినాయన బేతంచెర్లలో నాపరాళ్లు చెక్కేవాడు.
అక్షరానికి అణా.
ఆయనకు చదువు రాదు. ఇంగిలీషు అక్షరాలంటే
కొక్కేలు, నిచ్చెనలు, గుర్రపు లాడాలు.
కాగితం మీద ఎట్లుంటే రాతి మీద అట్ల.

కర్నూలు నుంచి ఒక పొద్దున మనిషొచ్చినాడంట,
కాలవ పడవల సరంగు, బెస్త గిడ్డయ్య.
చంకలో గొడుగు, గొడుగులో చుట్టిన కాగితం.
"ఓడదొర పోయినాడు. రాయి కావల."

ఓడదొరంటే ట్రెమెయిన్ దొర.
సముద్రాల మీద యుద్ధ ఓడలు నడిపి
ఎందుకో ఏమో, ఆఖరికి
కర్నూలు-కడప కాలవలో పడవల అజమాయిషీకి వచ్చినవాడు.
మోకాటి లోతు నీళ్లున్నా సరే
సీసపు గుండు కట్టిన తాడు వేసి లోతు చూడల్సిందే.
గిడ్డయ్య కేకెయ్యాల: "రెండడుగులు దొరా!"
ఆ రెండడుగుల్నీ దొర పుస్తకంలో రాసుకునేవాడు
తేదీతో, గాలి దిక్కుతో.

బంగళా వరండాలో ఓడ గంట, ఇత్తడిది.
అరగంటకోసారి మోగేది, ఎనిమిది దాకా పోయి
మళ్లీ ఒకటికొచ్చేది.
ఆ లెక్క ఎవరికీ పట్టుబడలేదు గానీ
పొద్దెక్కినాక ఆరు దెబ్బలు వినపడితే
బంగళా వెనక జైనాబీ ఎసరు పెట్టేది.

ఎండాకాలం సుంకేసుల కాడ నీళ్లు కట్టేస్తే
దొర కాలవ నడుమ నెర్రెల్లో నిలబడేవాడు,
తెల్ల బట్టలు, మెరిసే గుండీలు.
"సముద్రమైతే పోయిన నీళ్లు
ఆరుగంటల్లో తిరిగొస్తాయి గిడ్డయ్యా."
"మా కాడ ఆర్నెల్లు పడ్తది దొరా."

కాగితం దొర అక్క రాసి పంపింది.
స్టేషన్ గుమాస్తా చదివి చెప్పినాడు:
పదమూడేండ్లకు ఓడెక్కింది,
లెఫ్టినెంటయింది, చీనా నీళ్లలో రెండేండ్లు,
కమాండరయింది, మెడళ్లు రెండు,
ఓడల పేర్లు నాలుగు.
బతుకంతా కలిపితే నూటయాభై అక్షరాలు.
అక్క పంపిన రూకలు ఎనభైకి సరి.

"ఏది తీసేద్దాం?" అన్నాడు జేజినాయన
ఉలి పదును బొటనవేలితో చూసుకుంటా.

గిడ్డయ్య చానాసేపు కూచున్నాడంట.
"మెడళ్లు తీసెయ్. ఓడలు తీసెయ్,
మునిగిపోయిందొక్కటి ఉంచు."

ఉత్తరాన ఏదో చలి సముద్రం. రాత్రి, మంచు.
ఓడ పక్కన బొక్క పడింది.
ఇనుప తలుపు మూయండని చెప్పింది దొరే.
మూస్తే ఓడ నిలబడుతుంది.
మూసినారు.
లోపల నలభైమూడు మంది.
ఓడ తెల్లార్లూ నిలబడి
తెల్లారినాక మునిగింది.

"రాత్రిపూట ఎనిమిది దెబ్బలు కొట్టినాక
ఒకటి నుంచి నలభైమూడు దాకా లెక్కపెట్టి
దీపం ఆర్పేవాడు దొర.
నాకు ఇంగిలీషు అంకెలు వచ్చింది అట్లనే.
నలభైనాలుగును ఏమంటారో నాకు తెలీదు."

"కాగితంలో వాళ్లు లేరా?"
"లేరు."

జేజినాయన పేరు చెక్కినాడు, ఏండ్లు చెక్కినాడు,
ఒక్క ఓడ పేరు చెక్కినాడు.
సన్న ఉలి తీసుకుని రాతి అంచు చుట్టూ
మునివేలు పట్టేంత గుంటలు పెట్టినాడు, ఒక్కోటీ ఎంచుకుంటా.
చుక్క అక్షరం కాదు.
చుక్కకు కూలి లేదు.

మొన్న కర్నూలు పోతే చూసొచ్చినా.
సమాధుల తోటలో తుమ్మచెట్లు, ఎవరివో మేకలు.
ఊడుస్తున్న సవారమ్మ అనింది:
"ముగ్గెయ్యాలని చుక్కలు పెట్టి
గీతలు కలపడం మర్చిపోయినట్టుండారు."

నేను స్లాబుల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేదాన్ని.
వేలు పెట్టి ఎంచినా.
ముప్పైరెండు కాడ మేక అడ్డమొచ్చింది.
మళ్లీ మొదట్నుంచి.
నలభైమూడు.
దాని పక్కన, మూల మీద, ఇంకో చిన్న గుంట.
రాయి పెచ్చు లేచిందో,
జేజినాయన ఉలి ఆగబట్టలేదో,
రాత్రి వాన నీళ్లు అందులో కూడా నిలిచినాయి,
ఒక్క చుక్క.
వేలు తడిసింది. కొంగుకు తుడుచుకొని
నంద్యాల బస్సుకు టైమయిందని వచ్చేసినా.