మీసం సందుల సముద్రం

రువీ హై స్ట్రీట్ల మూడో సందు, మొయిదు భాయ్ దుకాణం.
చీపుర్లు, కుక్కర్ గాస్కెట్లు, గొడుగులు,
వాటెన్క దండానికి ఎండేసినట్టు
గాజుకండ్ల ముసుగులు, వంకర గొట్టాలు.

పొద్దుగాల మెరీనా కాడి పెద్ద షాపుల అడిగిన.
ఒక్క సెట్టు పద్నాలుగు రియాళ్లు.
లోపట చల్లగున్నది. పిల్లగాడు మంచోడే,
సార్ అన్నడు కూడా.
సార్ జీతం నెలకు నూట నలభై.
ముగ్గురి విజిట్ వీసాలకు ఎంతయిందో
నోట్‌బుక్కుల రాసి, ఆ పేజీ మడిచి పెట్టిన.

మొయిదు భాయ్ నేర్పిండు:
తాడు పెట్టకు. మొకానికి ఆనిచ్చు.
ముక్కుతోని గాలి గుంజి, చెయ్యి ఇడువు.
కింద పడకుంటే అది నీదే.

పిల్లలింకా విమానమే ఎక్కలేదు.
మౌనిష్‌ది నా పిడికిలి మీద చూసిన.
హారికది అరచెయ్యి మీద.
మూడేండ్ల కిందటి మొకం ఎంతుండెనో చెయ్యికి యాదికున్నది,
ఇప్పుడెంతున్నదో ఫోన్ల కొలత దొరకది.
ఒక సైజు పెద్దదే తీసుకున్న.
మొయిదు భాయ్ నవ్వలేదు,
ఆయన పిల్లలు కూడా కన్నూరులనే ఉంటరు.

నాది మాత్రం మూడుసార్లు జారి పడ్డది.
మీసం, అన్నడాయన.
గాలి దూరిన కాడ నీళ్లు దూరయా?
పక్క కొట్లనే బ్లేడు, నూరు బైసాలు.

ఈ మీసం ఒక్కసారే తీసిన.
బాపు పోయిన నాడు, టికెట్ దొరకక,
బర్కా క్యాంపు బాత్రూంల, పగిలిన అద్దం ముంగట.
గది ఆయనకు చెప్పలేదు.
జరసేపు నన్నే చూసి, అరల వెతికి
వాజిలిన్ డబ్బొకటి కౌంటర్ మీద పెట్టిండు.
మీసానికి దట్టంగ రాయి, ఉంచుకో. పైసలు వద్దు.

మూడు ముసుగులు, మూడు గొట్టాలు, ఏడున్నర రియాళ్లు.
కాళ్లకేసే రబ్బరు రెక్కలు వద్దన్న.
నాలుగోది సునందకు అని నోటిదాకా వచ్చి ఆగింది.
ఆమె ఎట్లనూ నీళ్లల్ల దిగదు, అనుకున్న.
అనుకునుడు అగ్గువ కదా.

పదకొండేండ్ల సంది నా పని
సముద్రంలకెల్లి ఉప్పు తీసుడు.
పైపుల ఉరికే సముద్రం తెలుసు,
మీటరు మీది సముద్రం తెలుసు,
జాలీకి అంటుకున్న జెల్లీ చేపల జిగట తెలుసు.
లోపట ఎట్లుంటది బాపూ అని హారిక అడిగితే
నెట్‌వర్క్ లేదని ఫోన్ పెట్టేసిన.

శుక్రవారం. ఖంతాబ్ ఒడ్డు.
అడిగి తెచ్చుకున్న సన్నీ కారు,
టిఫిన్ డబ్బాల చింతపండు పులిహోర.
రాత్రే అద్దాలకు పేస్టు రుద్ది కడిగిన, ఆవిరి పట్టొద్దని.
అందరి ఊపిరి కోల్గేట్ వాసన.
మౌనిష్‌ది కండ్ల మీదికెల్లి గదుమ మీదికి జారుతున్నది,
ఒక్క చేత్తోని పట్టుకొని, ఒక్క చేత్తోనే ఈదుతుండు.
హారిక తాడు పదకొండింటికే తెగింది,
సునంద జడ రబ్బరు తీసి కట్టింది.
పచ్చ చేప, నీలం చేప, గీతల చేప అని ఒర్రుడు.
నాకు వాజిలిన్ రాసినా మూతికాడ ఉప్పునీళ్లే.

అప్పుడన్నది, చీర కుచ్చిళ్లు బొడ్ల చెక్కుతూ,
జరంతసేపు ఇటియ్యి.

నేను పెట్టలేదు, తనే పెట్టుకున్నది.
గాలి గుంజింది, చెయ్యి ఇడిచింది.
ఆ మొకానికే కొలిచి చేసినట్టు
ఇంచు కూడా జారలేదు.

నడుంలోతు నీళ్లల్ల బోర్ల పండింది.
నా చెయ్యి ఇడువలే.
నోట్ల గొట్టం, మాట్లాడ రాదు.
పదకొండేండ్లు మాటలతోనే సంసారం చేసినోళ్లం.
ఒక్కసారి నా వేలు నొక్కింది,
చేప కనవడ్డదేమో.
మల్ల నొక్కింది. ఎంబడే ఇంకోటి.
రెండు. ఐదు. గుంపు.
లెక్క తప్పిపోయిన.

గట్లనే ఒకసారి
గట్టిగ పట్టి, శానసేపు ఇడువలే.

బయటికొచ్చినంక
అదేం చేపనో నేను అడగలేదు.