నీలం చొక్కా

బోరబండ కిరాణా కొట్లో
అర లీటరు పాలు అడిగాను.
పప్పు తూస్తున్న చెయ్యి ఆగింది.
"ఈ గొంతు... మీరే కదా సార్?"

పదహారేళ్లుగా ఇదే గొంతు.
పొద్దున వార్తల్లో ఇస్త్రీ మడతలా,
రాత్రి పదిన్నరకి మాత్రం
"సరిగ్గా అప్పుడే..." అని ఆగి
సబ్బు ప్రకటనకి దారిచ్చే గొంతు.
సెల్ఫీ అడుగుతుందనుకుని జుట్టు సవరించుకున్నాను.

"మా ఎల్లేశు కత మీరే చదివిన్రు.
నీలం చొక్కా అన్నరు.
ఆకుపచ్చది సార్.
నేనే కొన్న, మోండా మార్కెట్ల."

ఆవేళ నటుడికి దొరికింది నీలమే.

చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.

ఇప్పుడు బూత్‌లో, చెవులకి హెడ్‌ఫోన్,
చేతిలో కొత్త స్క్రిప్టు.
మూడో లైన్లో ఎర్ర చీర.
అద్దం అవతల వేలెత్తి
కానివ్వమంటున్నారు.