తవుడు

పరకాల రోడ్డు మిల్లుల
ముప్పయి రెండేండ్లు పాలిష్ మిషిను నడిపిన.
పట్టు ఎంత బిగించాల్నో
చెవితోటే ఎరుకైతది నాకు.
ఒక్క పట్టుకు రంగు పోదు,
రెండు పట్లకు బజారు బియ్యం,
మూడో పట్టుకు
సేటు అరచేతుల పోసుకొని
"మల్లెమొగ్గలు రా ఓదెలూ" అనేటోడు.

రాలిన తవుడు నూనె కంపెనీకి.
అడుగూ బొడుగూ నేను తెచ్చుకుందు.
మా బర్రె నిగనిగలాడేది.

మొన్న హన్మకొండల సూది గుచ్చి
పరిగడుపున రెండొందల పదహారన్నరు.
"ఏం తింటవ్?" డాక్టరమ్మ అడిగింది.
"బువ్వ."
"పొద్దుగాల?"
"బువ్వ."
"రాత్రికి?"
నేను ఊకున్న. కొమురమ్మ నవ్వింది.

జొన్నలు తినుమన్నది.
పట్టు తక్కువ బియ్యం,
ఆకుకూర ఇంకో పిడికెడు.

జొన్నలా?
నా చిన్నతనమంతా మట్టిచిప్పల గట్కే,
మీద ఇంత పచ్చిపులుసు.
పండుగనాడు పిడికెడు తెల్లబువ్వ.
ఆ పిడికెడు రోజూ దొరకాల్నని
మిల్లుల చేరినోణ్ని.
దేనికి భయపడి ఉరికొచ్చిన్నో
దాన్నే చీటీల రాసిచ్చింది.

చౌరస్తా దుకాణంల
మెరుపుల సంచిల జొన్నలున్నయి,
మా మల్లెమొగ్గల కంటె పిరం.

బావికాడికి పోయిన.
బావి లేదు, పేరే మిగిలింది.
నాయిన మోట కొట్టిన జాగల
నాలుగొందల ఫీట్ల బోరు
తెల్లార్లూ నీళ్లు గుంజుతది.
వరి తాగుతనే ఉంటది.
కోత అయినంక కొయ్యలకు అగ్గి,
మూడొద్దులు ఊరంతా దగ్గు.
ఆ వడ్లే మిల్లుకొస్తయి.
తోలు తీసేది నేనే.
బోరు ఎండుడూ నా నెత్తురు తీపెక్కుడూ
ఒక్కటే కాటాల తూగుతున్నయని
ఇన్నేండ్లు కాటా పక్కన నిలబడి
నాకే తట్టలే.

ఆ రాత్రి డ్యూటీల
మా ఇంటి బస్తా ఒక్క పట్టుకే ఆపిన.
అలవాటైన చప్పుడు నడుమల తెగితే
చెవులు బెదిరినయి.
తవుడు తక్కువైందని
బర్రె కుడితి గోళెంల మూతిపెట్టి
నా దిక్కు చూసింది.

యాసంగికి పది గుంటలు జొన్నేసిన.
రెండు తడులకే గింజ పట్టింది.
చుట్టూ వరే.
పాలు పోసుకునే యాళ్లకు
ఎన్నడూ చూడని పిట్టలన్నీ
నా పది గుంటల మీదనే వాలినయి.
కొమురమ్మ మంచెక్కి తపుకు కొట్టుకుంట
తిట్టేది పిట్టలనో నన్నో!
ఒకనాడు తపుకు చప్పుడు ఆగింది.
ఏమైందోనని ఉరికిన.
కట్టె ఒళ్లె పెట్టుకొని
కంకి మీద ఊగుతున్న పచ్చ చిలుకను
నోరు తెరిచి చూస్తున్నది.
సగం వాటికే పోయింది.

మళ్లా సూది గుచ్చితే నూట డెబ్బయి.
ఇంకా దిగాల్నన్నది డాక్టరమ్మ.

సుట్టాలొస్తే మాత్రం
మూడు పట్ల బువ్వే వండుతం.
వాళ్ల ముందల గట్క పెట్టేంత
గుండె ఇంకా రాలే.
నా రొట్టె నేను వంటింట్ల కూసొని తింట,
కిటికీల నుంచి
బర్రె చూస్తుంటది.